ఎవరి క్యారియర్ వాళ్లకే

రోజు 611, సోమవారం

ఈ ల్యాబ్‌లో చేరిన ప్రతి పోస్ట్‌డాక్ పరిశోధకుడూ రోజువారీ పుస్తకం రాయాలి. ఏ ముక్కకు ఏం పెట్టాం, ఏది ఎలా ఉంది, అంతే. నాకు ముందు ఈ బల్ల దగ్గర పనిచేసినాయన రెండేళ్లలో నాలుగొందల సార్లు "అంతా సవ్యం" అని రాసి వెళ్లిపోయాడు. నాకలా రాయడం చేతకాదు. చెయ్యి ఊరుకోదు, నోరు అసలే ఊరుకోదు.

ఇవాళ చూపుల రోజు. ఎనిమిది గంటలకల్లా లాంచీ రేవు నుంచి మా కొండ మెట్ల దాకా జనం. మూర్ఛ తగ్గడానికని ఆపరేషన్‌లో తీసిన మెదడు ముక్క ఒకప్పుడు పూట తిరక్కుండా చచ్చేదట. ఇప్పుడు గిన్నెలో ఏళ్ల తరబడి బతుకుతుంది. బతికున్నన్నాళ్లూ అది దాని సొంతదారుదే, మాది కాదు. వాళ్లు సోమవారం సోమవారం వచ్చి చూసుకుంటారు, పక్కనున్న స్పీకర్‌లో దాని చప్పుడు వింటారు, వెళ్లేముందు ఒక సీసా రక్తం ఇస్తారు. ఆ రక్తాన్ని తేర్చి తీసిన పసుపు నీళ్లే ఆ ముక్కకి వారమంతా ఆహారం. మేం దాన్ని క్యారియర్ అంటాం. ఎవరైనా రాలేకపోతే ఉప్పులూ చక్కెరా కలిపి మేమే ఒక ద్రవం తయారుచేసి పోస్తాం. దాని పేరు సత్రం భోజనం. ప్రాణం నిలబడుతుంది గానీ ఒంటపట్టదు.

"ఎవరి క్యారియర్ వాళ్లకే" అని గుమ్మం మీద బోర్డుంది. మా ప్రొఫెసర్ వేదగిరి గారు పాతికేళ్ల క్రితం తన చేత్తో రాసి కొట్టించారు. ఒకరి ఆహారం ఇంకొకరి ముక్కకు చుక్క కూడా తగలకూడదు. మా ల్యాబ్‌కి పేరొచ్చిందే ఆ పట్టింపు వల్ల. మిగతా చోట్ల ముక్కలు ఆరు నెలల్లో కుళ్లుతాయి, మా దగ్గర ఆరేళ్లవి ఉన్నాయి.

నూకరత్నం గారు రెండో లాంచీలో వచ్చింది. నలభై ఆరేళ్ల మనిషి, గట్టి గొంతు. రేవు దగ్గరి వైర్‌లెస్ బురుజు మీద కూర్చుని పడవలకి దారి చెప్పడం ఆమె పని. పాతూరు మునిగి ముప్పై ఏళ్లయింది. పడవలన్నీ దాని మీదుగానే తిరుగుతాయి. పడవ ఎక్కడుందో ఉపగ్రహం చెప్తుంది గానీ, కింద ఏ మేడ గోడ నిన్న ఒరిగిందో చెప్పదు. నూకరత్నం చెప్తుంది. కింద ఉన్న ప్రతి వీధీ, ప్రతి మలుపూ పేరు పెట్టి పిలుస్తుంది.

"ఏటంటాది నా ముక్క?" అంది కుర్చీ లాక్కుంటూ.

స్పీకర్ పెట్టాను. మామూలు ముక్క చప్పుడు మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది. ఆమెది గ్రైండర్ తిరిగినట్టు ఒకటే హోరు. మూర్ఛ అంటే అదే, కణాలన్నీ ఒక్కసారి కలిసి అరవడం.

"నాలాగే గోల మనిషి," అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపి, "మూడు నెలలయింది కోసి. ఫిట్సు మళ్లీ వచ్చీసినాయి కదమ్మా. మూడు వీధుల పేర్లు మాత్రం పోనాయి. అక్కడికొచ్చినపుడు 'నెమ్మదిగా రండి' అని ఊరుకుంటన్నాను. ఎవులికీ తెలీదు," అంది.

"ఈసారి పూర్తిగా తీసేస్తారక్కా. ఫిట్స్ రావు."

"పేర్లు?"

సర్జన్ షమీమ్ గారు ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పారు. ఈసారి కోయబోయేది పేర్లుండే చోటు. సగం పోవచ్చు. నేను మళ్లీ అదే చెప్పాను. ఆమె చెయ్యి చాపి రక్తమిచ్చి వెళ్లిపోయింది.

రెండో ఆపరేషన్ 628వ రోజు, గురువారం. నిర్ణయం షమీమ్ గారిది, ఆధారం నాది. మొదటిసారి తీసిన దాంట్లో అంచు ముక్కలు కూడా మూర్ఛలో ఉన్నాయనీ, అంటే జబ్బు అంచు దాటి లోపల మిగిలే ఉందనీ రిపోర్టు రాసింది నేను. ఆమె పదకొండు ముక్కల్నీ గిన్నెలకి పల్చగా కోసింది నేను, విన్నది నేను. నా చేతి కింద ముక్క పూతరేకులా వస్తుంది. అనుమానానికి చోటు లేదు.

రోజు 615, శుక్రవారం

గొట్టాలు మార్చాను. గ్యాస్ సిలిండర్ మార్చాను. లేబుళ్లు వెలిసిపోతుంటే కొత్తవి అంటించాను. జబ్బు ముక్కకి ఎర్ర లేబుల్, మంచి ముక్కకి పచ్చది. మంచి ముక్క మా దగ్గరికెందుకొస్తుందంటే, లోతులో ఉన్న గడ్డని అందుకోవడానికి పైన దారి చేస్తారు, ఆ దారిలో తీసింది అన్నమాట. నూకరత్నం గారివి పదకొండూ ఎర్రవే.

అంతా సవ్యం. (ఒక్కసారి నేనూ రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని.)

రోజు 618, సోమవారం

వాయుగుండం. లాంచీలు బంద్. సముద్రంలో చిక్కుకున్న పడవలు నలభైకి పైనే అట. నూకరత్నం బురుజు దిగలేదు. వైర్‌లెస్ పట్టుకుని పొద్దుట్నుంచీ వింటున్నాం. "నరసమ్మ బోటు, కుడికి తిప్పు. కింద సినిమాహాలు కప్పుంది, దాన్ని దాటితే పెంకుల వీధి, ఆ వీధంట తిన్నగా రా." గాలి హోరు మధ్య ఆ గొంతు ఒక్కసారి కూడా వణకలేదు.

ఈ వారం కొండ మీదున్న నలుగురు సొంతదారులే వచ్చారు. మిగతా అందరికీ సత్రం భోజనమే. అందరి గిన్నెల్లోనూ పోశాను.

రోజు 620, బుధవారం

ఇది జాగ్రత్తగా రాయాలి.

రెండ్రోజులు సత్రం భోజనం తింటే ఏ ముక్కయినా డీలా పడుతుంది. చప్పుడు సన్నబడుతుంది. ఇవాళ వరుసగా వింటూ వస్తే అన్నీ అలాగే నీరసంగా ఉన్నాయి. నూకరత్నం గారి మొదటి గిన్నె దగ్గర హెడ్‌ఫోన్ తీసి, వైరు ఊడిందేమోనని చూసి, మళ్లీ పెట్టుకున్నాను. హోరు లేదు. చిటపట. రెండో గిన్నె, మూడోది, పదకొండోది దాకా అన్నీ చిటపటే. నీరసం కూడా లేదు. ఆకలితో పడి ఉన్నవాళ్ల మధ్య ఈ పదకొండూ సుష్ఠుగా తిన్నట్టున్నాయి.

జబ్బు ముక్క రెండ్రోజుల్లో తనంతట తాను బాగుపడదు. నా పదకొండేళ్ల పనిలో ఎప్పుడూ చూడలేదు.

రోజు 621, గురువారం

లాంచీలు తిరిగాయి. నూకరత్నం వచ్చి రక్తమిచ్చింది, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మూడు రోజులు నిద్ర లేదు, మధ్యలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, మైకు ముందే. పక్కనున్నామె పట్టుకుందట. పడవలన్నీ ఒడ్డుకు చేరాయి.

పదింటికి క్యారియర్ పోశాను. పన్నెండున్నరకు గ్రైండర్. ఒకటో గిన్నె, నాలుగోది, తర్వాత అన్నీ.

ముక్క అరవడం లేదు. ముక్క చేత ఆ తిండి అరిపిస్తోంది. జబ్బు ఆమె రక్తంలో ఉంది. మన ఒంట్లో కాపలా కాసేవే ఒక్కోసారి దారితప్పి ఇంటివాళ్లనే కరుస్తాయి. కరిచేవాటిలో మనకు తెలిసిన నలభై రకాలకూ పరీక్ష ముందే చేశారు, లేవన్నారు. నలభై ఒకటోది ఉండకూడదని ఎక్కడా రాసిలేదు కదా.

ఇన్నాళ్లూ నేను విషం పెట్టి, వాంతి చేసుకుంటోంది కాబట్టి కడుపు చెడిందని రాశాను. మిగతా ఏ ల్యాబ్‌లోనైనా అందరికీ సత్రం భోజనమే, ఈ తప్పు జరిగేదే కాదు. ఎవరి క్యారియర్ వాళ్లకే అని గొప్పలు చెప్పుకునే మేం మాత్రమే చెయ్యగలిగిన తప్పు ఇది. అందులోనూ రిపోర్టు మీద సంతకం నాది. ఆపరేషన్‌కి ఏడు రోజులుంది.

రోజు 622, శుక్రవారం

వేదగిరి గారి గదిలో గంటసేపు. ఆయన చెడ్డవాడు కాదు. పెద్దవాడు, అంతే.

"ఆకలికి సొమ్మసిల్లిన ముక్క అరవదు సువర్చలా. నువ్వు దాన్ని ఆరోగ్యం అంటున్నావు."

"సొమ్మసిల్లితే చిటపట అంత నిండుగా ఉండదు సార్."

"నీ చెవి అలా చెప్తోంది. షమీమ్ నీ చెవిని నమ్మి కత్తి దించాలా? పోయిన నెల కూడా నీ చెవినే నమ్మింది."

అది తగలాల్సిన చోటే తగిలింది. నిజమే కదా.

"సరే. కడుపు నిండా పెట్టి చూపిస్తాను. నా రక్తం పెడతాను."

ఆయన బోర్డు వైపు చూశారు. పాతికేళ్లలో ఎవరూ అడగని మాట. "సొంతదారు ఒప్పుకోవాలి," అన్నారు చివరికి.

నూకరత్నం గారికి ఫోన్ చేశాను. నా రిపోర్టు తప్పు కావొచ్చని ముందే చెప్పేశాను.

"అయితే గురువారం కొయ్యరా?"

"రుజువు చేస్తే కొయ్యరు. చేస్తానక్కా."

"నీ రగతం పెడితే నా ముక్క నీలాగ మాటాడతాదేటి?"

"నాలాగా మీలాగా వాగడంలో పెద్ద తేడా లేదు."

"అయితే పెట్టీ," అంది.

రోజు 624, ఆదివారం

రెండ్రోజులు నా క్యారియర్ తిన్నాయి. పదకొండూ చిటపటే, దిట్టంగా, ఆరోగ్యంగా. వేదగిరి గారు సెలవు రోజయినా వచ్చి, ఒక్కో గిన్నె దగ్గరా నిలబడి విన్నారు.

"ఇది సగం," అన్నారు. "నీ రక్తం దాన్ని మత్తులో పెట్టిందేమో. రెండో సగం కావాలి. ఎన్నడూ మూర్ఛ ఎరగని మంచి ముక్కకి ఆమె క్యారియర్ పెట్టు. అది అరిస్తే నేనే వచ్చి షమీమ్‌తో చెప్తాను."

పచ్చ లేబుల్ ముక్కల సొంతదారులు మా దగ్గర నలుగురే. ముగ్గురు వేరే ఊళ్లలో ఉన్నారు. ఫోన్లో అడిగితే ముగ్గురూ వద్దన్నారు. తప్పు పట్టను. నాలుగో ఆయన గవర్రాజు బాబాయ్. ఆయనతో మామూలు విషయాలు మాట్లాడటమే కష్టం.

రోజు 625, సోమవారం

గవర్రాజు బాబాయ్‌కి డెబ్బై రెండేళ్లు. లోతులో గడ్డ తీసి నాలుగేళ్లయింది. ఆయనవి రెండు ముక్కలు. ప్రతి సోమవారం మొదటి లాంచీకి వస్తాడు, రెండు గిన్నెల మధ్యా కుర్చీ వేసుకుని గంటసేపు వింటాడు, ఏసీ ఎక్కువైందని నన్ను కేకలేస్తాడు.

విషయమంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు.

"ఒకరి కంచంలో కూడు ఇంకోరికి పెడతారేటమ్మా? ఎంగిలి కాదా?"

"ఎంగిలే బాబాయ్. ఎంగిలి మాత్రమే కాదు, అందులో జబ్బుందని నా నమ్మకం. మీదానికి మూర్ఛ రావాలనే పెడుతున్నాను."

"వస్తే?"

"వెంటనే తీసేసి మీ క్యారియర్ పెడతాను. కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. అబద్ధం చెప్పను. రెండున్నాయి కదా, ఒక్కటే అడుగుతున్నాను."

"ఇద్దరు బిడ్డలున్నోడి కాడికొచ్చి ఒకడినియ్యమన్నట్టుంది."

ఆయన గిన్నె మీదికి వంగాడు.

"ఈ రత్నం అంటే వైర్లెస్సు రత్నమేనా?"

"ఆవిడే."

"ఓపాలి నా నాటుపడవ అడ్డంగా ఎల్లిపోతంటే అందరూ ఇనేలాగ మైకులో తిట్టింది. మా అమ్మ కూడా అలాగ తిట్టనేదు." కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఆ నోరు ఉండాలమ్మా. తియ్యకూడదు. పెట్టు. నాను ఇక్కడే కూకుంటాను, నన్ను లేపకు."

పదకొండు ఇరవైకి నూకరత్నం క్యారియర్ ఆయన ముక్కకి పోశాను. రెండో గిన్నెలో ఎప్పటిలా ఆయనదే. చివరి లాంచీకి ఆయన వెళ్లేవరకూ రెండు గిన్నెలదీ ఒకటే చప్పుడు. చిటపట.

రోజు 626, మంగళవారం

పొద్దున తొమ్మిది. ఏమీ లేదు. బాబాయ్ మొదటి లాంచీకి వచ్చేశాడు, చేతిలో ఉప్మా డబ్బా.

పదకొండు ఇరవై. ఇరవైనాలుగు గంటలు. ఏమీ లేదు. వేదగిరి గారు గుమ్మంలోంచి చూసి వెళ్లారు. ఆ చూపులో జాలి ఉంది. ఆయన కేకలేసినా ఇంతకంటే నయం.

ఒంటిగంట. నూకరత్నం గారిని ఇవాళ ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఎల్లుండికి తల గొరిగే మనిషి కూడా వచ్చి వెళ్లాడట. ఇక్కడ నా నమ్మకం సంగతి రాయాలి. నాది తప్పు కావొచ్చని పదకొండేళ్లలో నిజంగా అనుకున్నది రెండుసార్లే, రెండూ ఈ వారంలోనే. ఆమె ముక్కలు మూడు నెలలు ఆ తిండి తిని అలవాటుపడ్డాయి, అందుకే రెండున్నర గంటల్లో తిరగబడ్డాయి. ఈ ముక్క కొత్తది, కరవడానికి వ్యవధి పడుతుంది. లెక్క ప్రకారం ఇవాళ సాయంత్రం లోపల. లెక్క మీద నాకు నమ్మకముంది.

మూడు నలభై. స్పీకర్‌లో చిన్న గురక. బాబాయ్ తల ఎత్తాడు. మళ్లీ చిటపట. మళ్లీ గురక, ఈసారి పొడుగ్గా. తర్వాత గ్రైండర్.

రెండో గిన్నెలో అదే మనిషి అదే మెదడు నిమ్మళంగా చిటపటలాడుతోంది.

నేను కుర్చీలోంచి లేచి అరిచాను, సిగ్గు లేకుండా. అప్పుడు బాబాయ్ ముఖం చూశాను. బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆపమ్మా. ఆపీ. దానికి బాధగుంది," అన్నాడు. ముక్కకి బాధ తెలీదని మాకు రుజువులున్నాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది, అనలేకపోయాను. రికార్డు ఐదు నిమిషాలు ఉండాలి, లేకపోతే ఎవరూ ఒప్పుకోరు. "ఐదు నిమిషాలు బాబాయ్," అన్నాను. ఆయన ఆ ఐదు నిమిషాలూ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నేనూ గడియారాన్నే చూస్తూ నిలబడ్డాను.

తీసి కడిగి, ఆయన క్యారియర్ పోశాను.

రోజు 627, బుధవారం

పొద్దున బాబాయ్ ముక్క చిటపట. కాస్త పల్చగా ఉంది గానీ ఉంది. ముందు ఆయనకు ఫోన్ చేసి, ఆ తర్వాతే ఆస్పత్రికి బయల్దేరాను.

షమీమ్ గారి గదిలో ముగ్గురం. నా పాత రిపోర్టు బల్ల మీద పెట్టి, "ఇది తప్పు. రాసింది నేనే, తప్పని చెప్తున్నదీ నేనే," అని మొదలుపెట్టాను. రికార్డులు వినిపించాను. మాటిచ్చినట్టే వేదగిరి గారు, "నేను స్వయంగా విన్నాను షమీమ్," అన్నారు. ఆ మాటకు ఆయన ఎంత బరువు మోశారో నాకు తెలుసు.

షమీమ్ గారు రెండోసారి వినిపించమన్నారు. అయ్యాక వెంటనే నర్సుని పిలిచి రేపటి థియేటర్ రద్దు చేయించారు. రక్తం కడిగే యంత్రానికి రాయించారు, కాపలావాళ్లని అణిచే మందులు రాయించారు. పావుగంటలో అన్నీ అయిపోయాయి. ఆవిడ పని అలాగే ఉంటుంది.

నర్సు వెళ్లాక ఆవిడ నా వైపు తిరిగారు.

"జబ్బు రక్తంలో ఉంటే, మూడు నెలల కింద నేను కోసి తీసింది ఏంటి సువర్చలా?"

గదిలో అందరికీ జవాబు తెలుసు.

"మంచి ముక్క మేడమ్," అన్నాను.

తిరిగి వస్తూ లాంచీలో వేదగిరి గారు నెమ్మదిగా అన్నారు. "ఆపరేషన్ ఆగింది. ఆమె బాగుపడుతుంది. లేబుల్ జోలికి పోకు. ఎర్రదాన్ని పచ్చగా మార్చావంటే, ఆస్పత్రి మంచి మెదడు కోసిందని రాసినట్టు. ఆమెకు తెలిసి ఒరిగేదేముంది? అతుక్కుంటుందా?"

"అతుక్కోదు సార్."

"మరి?"

"ముక్క ఆమెది. అది ఎలాంటిదో కూడా ఆమెదే."

రేవు దగ్గర పడుతుండగా, "నీ రిపోర్టులు ఇలాంటివి ఎన్ని ఉంటాయి?" అని అడిగారు.

"పద్నాలుగు. అన్నీ సత్రం భోజనం మీద మళ్లీ వింటాను."

"నావి రెండొందలు," అన్నారు.

రోజు 648, బుధవారం

నూకరత్నం గారి రక్తం ఐదుసార్లు కడిగారు. పదిహేడు రోజులుగా ఫిట్స్ లేవు. పోయిన వారం ఇచ్చిన క్యారియర్ ముక్కలకు పెట్టాను. పదకొండూ చిటపట.

లేబుల్ మార్చాలంటే కోసిన సర్జన్ సంతకం కావాలి. కాగితం పంపితే సంతకానికి బదులు షమీమ్ గారే వచ్చారు. "నేను కోశాను, నేనే చెప్తాను," అన్నారు. ఆవిడ ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. తాను కోసి పంపినవన్నీ గిన్నెల్లో వరుసగా చూసి ఒక నిమిషం ఆగిపోయారు.

ఈ సోమవారం బదులు ఇవాళ రమ్మంటే నూకరత్నం హుషారుగా వచ్చింది. ముఖం తేటపడింది. షమీమ్ గారిని చూసి లేవబోతే ఆవిడే ఎదురుగా కూర్చుని, తలతిప్పకుండా చెప్పారు. మీ మెదడులో జబ్బు లేదు. స్కాన్‌లో ఆ చోటు వెలిగింది, అదే మూలమనుకున్నాను. తీయకూడనిది తీశాను.

నూకరత్నం ఆమెని చూసింది. నన్ను చూసింది. గిన్నెల్ని చూసింది.

"అంటే ఇది మంచిదే."

"మంచిదే అక్కా," అన్నాను.

"మూడు వీధులు జబ్బు తినీసిందనుకున్నాను. పోన్లే, జబ్బు కదా, దాన్నేటంటాం అనుకున్నాను." గొంతు పెద్దది కాలేదు. అలాంటి గొంతు పెద్దది కాకపోతే భరించడం కష్టం. "జబ్బు కాదు. మీరు తీసీసినారు."

"అవును," అన్నారు షమీమ్ గారు. "క్షమించమని అడగడానికి వచ్చాను."

"ఇప్పుడు సెమించనేనమ్మా. నా దగ్గర అది ఇప్పుడు నేదు. వచ్చినపుడు సెప్తాను."

లేచి వెళ్లిపోయింది. రక్తం ఇవ్వలేదు. నేను అడగలేదు. పదకొండు గిన్నెలకూ సత్రం భోజనం పోసి, పచ్చ లేబుళ్లు అంటించాను. షమీమ్ గారు ఒక్కో దాని మీదా సంతకం చేశారు, పదకొండు సార్లు.

చెప్పడం సరైన పనేనా అని మధ్యాహ్నమంతా నన్ను నేను అడుక్కున్నాను. సరైన పనే. కానీ ఆమె ముఖం కళ్లముందునుంచి పోవడం లేదు.

రోజు 654, మంగళవారం

నిన్న చూపుల రోజుకి నూకరత్నం రాలేదు. కబురూ లేదు.

ఇవాళ పాత ద్రవాల డబ్బాలు దింపడానికి అవతలి రేవుకి వెళ్లాను. లాంచీలో డ్రైవర్ నెత్తి మీద వైర్‌లెస్ మోగుతోంది. ఆమె డ్యూటీలోనే ఉంది. "గంగాళం బోటు, నెమ్మది. కింద పోస్టాఫీసు మేడ. దాటినాక కంసాలి వీధి." నీళ్లు పచ్చగా, తేటగా ఉన్నాయి. లోతులో కప్పుల అంచులు కనిపిస్తున్నాయి.

మా లాంచీ మలుపు తిరిగింది. కింద ఒక పొడుగాటి వీధి, రెండు పక్కలా గోడలు. ఆమె గొంతు ఆగింది. ఆ ఆగడం ఎందుకో అక్కడున్నవాళ్లలో నా ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు "నెమ్మదిగా రండి" అంటుందని చూశాను.

"అన్ని బోట్లూ ఇనండి," అంది. "ఈ మలుపు కాడ ఉన్న వీధి పేరు నాకు తెల్దు. మర్సిపోనేదు. నా బుర్రలోంచి కోసీసినారు. జబ్బు వల్ల కూడా కాదు, పొరపాటున కోసీసినారు. ఇలాంటివి మూడున్నాయి. నాలుగు నెలలుగా మీ కాడ దాసినాను. ఇంక దాయను. ఎవులికైనా తెలిస్తే సెప్పండి."

వైర్‌లెస్‌లో గరగర తప్ప ఏమీ లేదు. మా డ్రైవర్ ఇంజను తగ్గించాడు.

ముందు ఎవరిదో ముసలి గొంతు వచ్చింది. "గానుగుల వీధి, రత్నం. మా అత్తోరిల్లు అక్కడే."

తర్వాత ఇంకో బోటు. "గానుగుల వీధే రత్నం అప్పా. సివర్న సున్నపుబట్టీ ఉండేది."

తర్వాత ఒకరి మీద ఒకరు పడి నాలుగైదు గొంతులు. ఒకాయన ఆ వీధిలో ఎవరెవరి ఇళ్లుండేవో మొదలుపెట్టాడు. మా డ్రైవర్ కూడా మైకు అందుకుని "గానుగుల వీధి అప్పా" అని అరిచాడు. అతనికి పాతికేళ్లుండవు, ఆ వీధిని పొడిగా ఎప్పుడూ చూసుండడు.

"ఒక్కొక్కలు, ఒక్కొక్కలు," అని కసిరింది నూకరత్నం. "గానుగుల వీధి. రాసుకున్నాను. కొండ లాంచీ, గానుగుల వీధంట తిన్నగా పో. మిగతా రెండూ ఆ మలుపులొచ్చినపుడు అడుగుతాను."